పటం కింద పెట్టి మాట్లాడుకుందాం

చలికాలంలో నాకు వచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఏ గాలిపటం కొనాలి, ఎంత పెట్టి కొనాలి అని అడిగేవే. జూన్ వచ్చిందంటే గొడవల ఉత్తరాలు మొదలవుతాయి. కైట్‌బోర్డింగ్, అంటే పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీటి మీద సాగే ఆట, ఆడేవాళ్ళు ఏటేటా పెరుగుతున్నారు, సరస్సులు మాత్రం అవే. ఈసారి మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. అందులోని బాధ రాసిన అమ్మాయి ఒక్కరిదే కాదని నా నమ్మకం.

ప్రశ్న: మాది గుంటూరు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ళుగా కైట్‌బోర్డింగ్ చేస్తున్నాను. పోయిన ఆదివారం సిల్వప్లానా సరస్సుకు వెళ్ళాను. నీటి మీద నలభై పటాలకు తక్కువ లేవు. నేను ఒడ్డుకు తిరిగి వస్తుంటే ఒక పెద్దాయన అప్పుడే నీటిలోకి దిగి నాకు ఎదురుగా వచ్చారు. నా కుడి చెయ్యి ముందుంది కాబట్టి దారి నాదేనని నేను తప్పుకోలేదు. ఆయన ఆఖరి క్షణంలో పటం తిప్పుకుని నీళ్ళలో పడ్డారు. నేను ఒడ్డు చేరి, ఆయనకు ఏమైందోనని పటాన్ని తల మీదే నిలిపి పావుగంట చూస్తూ నిలబడ్డాను. ఆయన వచ్చి అందరి ముందూ జర్మన్‌లో గట్టిగా అరిచారు. సగం నాకు అర్థం కాలేదు. అక్కడ నాలా కనిపించేవాళ్ళు ఇంకెవరూ లేరు. నా రంగు చూసే అలా అరిచారా అని రాత్రంతా నిద్ర పట్టలేదు. తప్పు ఎవరిది? మళ్ళీ ఆ సరస్సుకు వెళ్ళాలా, వద్దా?

జవాబు: అమ్మా, చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. వెళ్ళండి. వచ్చే ఆదివారమే వెళ్ళండి. ఎక్కువ రోజులు గడిస్తే ఆ ఒడ్డు మీ మనసులో ఇంకా పరాయిదైపోతుంది.

ఆయన మనసులో ఏముందో నేను చెప్పలేను. రంగు చూసి గొంతు పెంచేవాళ్ళు ఉన్నారు, ఇన్నేళ్ళలో నాకూ తారసపడ్డారు. అందుకే మీ అనుమానాన్ని కొట్టిపారేయను. అయితే మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఆ నీటి మీద ఎవరికైనా కోపం తెప్పించే సంగతులు అందులో రెండు ఉన్నాయి. ఆ రెండింటినీ మీరే రాశారు, దాచలేదు. అది చూసే మీతో నేరుగా మాట్లాడుతున్నాను.

మొదటిది దారి సంగతి. ఎదురెదురుగా వచ్చినప్పుడు కుడి చెయ్యి, కుడి కాలు ముందున్నవారిది దారి అని మీకు నేర్పారు. సరిగ్గానే నేర్పారు. తెరచాప పడవల నుంచి వచ్చిన నియమం అది. గాలి కుడివైపు నుంచి తగిలే పడవ తన దారిన పోతుంది, ఎడమవైపు నుంచి తగిలే పడవ తప్పుకోవాలి. నేను దీన్ని చిన్నప్పుడు హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ మీద నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎదురుగా పటం కనబడితే నా చూపు ముందు చేతుల మీదికే పోతుంది.

కానీ ఒడ్డు దగ్గర ఇంకో నియమం ఉంది. బయటికి వెళ్ళేవారికి, తిరిగి వచ్చేవారు దారి ఇవ్వాలి. అక్కడ ఎవరి ఏ చెయ్యి ముందుందన్న లెక్క లేదు. కారణం మీరే ఊహించుకోండి. చెట్లూ ఇళ్ళూ తగిలి ఒడ్డు దగ్గర గాలి విరిగిపోతుంది. ఒకసారి లాగుతుంది, మరుక్షణం వదిలేస్తుంది. అప్పుడే నీళ్ళలో దిగినవారికి వేగం ఉండదు. వేగం లేని పలక చెప్పిన మాట వినదు. వెనక ఒడ్డు, మనుషులు, బండలు. ఆయనకు పోవడానికి ముందువైపు తప్ప వేరే దారి లేదు. మీకు మాత్రం వెనక సరస్సంతా ఉంది. యాభై మీటర్ల అవతలే మలుపు తిరిగి, ఆయన వెళ్ళాక రావచ్చు. కాబట్టి తప్పు మీదే. దెబ్బ తగలకుండా తప్పించింది ఆయన. తాను నీళ్ళలో పడి మరీ తప్పించారు.

రెండో సంగతి నా దృష్టిలో ఇంకా పెద్దది. ‘పటాన్ని తల మీదే నిలిపి పావుగంట’ అని రాశారు. ఆయనకు ఏమైందోనన్న ఆందోళనతోనే నిలబడ్డారు, నాకు అనుమానం లేదు. కానీ మీ పటానికీ మీకూ మధ్య ఉన్న దారాలు ఇరవై నాలుగు మీటర్లు ఉంటాయి కదా? ఎనిమిది అంతస్తుల మేడ ఎత్తు. గాలి ఒక్క కుదుపు కుదిపితే ఆ పటం మీకు గాలి దిగువన (గాలి పోయే వైపు) ఎటైనా పడుతుంది. అంటే మీ చుట్టూ ఇరవై నాలుగు మీటర్ల మేర అరవృత్తంలో ఎవరూ పటం లేపడానికి లేదు, దింపడానికి లేదు, పిల్లవాణ్ణి నడిపించుకుని పోవడానికీ లేదు. మీరు నిలబడ్డది రెండడుగుల చోటులో, ఆక్రమించింది ఒక పెళ్ళిపందిరంత చోటు.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. నా మూడో వేసవిలో, అదే సరస్సు ఒడ్డున, తొమ్మిది చదరపు మీటర్ల పటాన్ని తల మీద నిలిపి స్నేహితురాలితో మాట్లాడుతున్నాను. గాలి ఒక్కసారి ఆగి మళ్ళీ కొట్టింది. పటం పక్కకు వాలి కిందికి దూసుకుపోయింది. అరవై దాటిన విండ్‌సర్ఫర్ (తెరచాప బిగించిన పలక మీద సాగేవారు) ఒకాయన అప్పుడే తెరచాపను నీళ్ళలోంచి పైకి తీస్తున్నారు. నా దారం ఆయన ముంజేతి మీదుగా బిగిసింది. రెండు మిల్లీమీటర్లు కూడా లేని దారం, ఇద్దరు మనుషుల బరువును మోస్తుంది. మణికట్టు నుంచి మోచేయి దాకా ఎర్రటి గీత లేచింది. మొదట తెల్లగా కనిపించి, నేను చూస్తుండగానే ఎర్రబడింది. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్ళకు కడుతుంది.

ఆయన అరవలేదు. దారాలు చుట్టేయమన్నారు. పటాన్ని బోర్లా పెట్టి బరువు వేయమన్నారు. తర్వాత నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను అంతకుముందు నిలబడ్డ చోటు చూపించి, అక్కడి నుంచి ఎంతమంది పటం లేపుకుంటారో లెక్కపెట్టమన్నారు. పావుగంటలో ఆరుగురు. ఆరుగురూ అంతసేపూ నా వెనక పటాలు పట్టుకుని వేచి ఉన్నారన్నమాట. నాకు ఒక్కరూ కనబడలేదు, ఎందుకంటే నేను పైకి చూస్తున్నాను. ఆ గంటలో ఆయన ఒడ్డును చూడడం నేర్పారు. ఏ బడిలోనూ నాకు ఆ పాఠం చెప్పలేదు.

సిల్వప్లానాలో ఈ ఇరుకు ఎందుకింతగా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది, కానీ తక్కిన పాఠకుల కోసం చెబుతాను. ఆ సరస్సు ఎంగాడిన్ లోయలో 1,790 మీటర్ల ఎత్తున ఉంది. ఎండ బాగా కాసిన రోజున, పక్కనున్న బ్రెగాలియా లోయలో వేడెక్కిన గాలి పైకెక్కి, 1,815 మీటర్ల మలోయా కనుమ దాటి, సిల్స్ సరస్సు మీదుగా సిల్వప్లానా మీదికి వస్తుంది. కొండ ప్రాంతాల్లో పగటి గాలి లోయ కింది నుంచి పైకి వీయడం మామూలు. ఇక్కడ పై నుంచి కిందికి వీస్తుంది. మలోయా గాలి అనే పేరుతో యూరప్ అంతటా పేరున్న గాలి ఇదే. ఉదయం నీళ్ళు కదలవు. మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో మొదలై సాయంత్రం ఐదారు గంటల దాకా ఉంటుంది. అంటే జ్యూరిక్ నుంచి, మిలాన్ నుంచి వచ్చినవాళ్ళంతా అదే ఐదు గంటల్లో, అదే ఒడ్డు నుంచి దిగాలి. ఎవరి మీదా తప్పు లేదు. గాలి వేళ అది. అందుకే అక్కడ ఒక్కొక్కరు ఒడ్డు మీద తీసుకునే నిమిషాలకు అంత విలువ.

ఇక వచ్చే ఆదివారం సంగతి. పదకొండుకే చేరండి. సంచీ విప్పకండి. అరగంట ఒడ్డు వెంట నడవండి. ఎవరు ఎక్కడ పటం లేపుతున్నారు, ఎక్కడ దింపుతున్నారు, విండ్‌సర్ఫింగ్ వాళ్ళు ఎటువైపు నుంచి దిగుతున్నారు అన్నీ చూడండి. కనబడినవారిని ‘అల్లెగ్రా’ అని పలకరించండి. ఆ లోయవాళ్ళ రొమాన్ష్ భాషలో అది మన నమస్కారం. జర్మన్ రాకపోయినా ఆ ఒక్క మాట పలికితే ముఖాలు విచ్చుకుంటాయి. తర్వాత ఎవరైనా పటం పట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే, వెళ్ళి ‘నేను పట్టుకుంటాను’ అని సైగ చేయండి. నలుగురి పటాలు లేపి ఇచ్చాక మీది తీయండి. అప్పటికి ఆ ఒడ్డు మీద మీరు కొత్తవారు కారు.

నీళ్ళ మీద నుంచి వచ్చినప్పుడు, ఆగాలనిపిస్తే వెంటనే తల మీద చెయ్యి తట్టి చూపండి. దింపమని దాని అర్థం. ఎవరో ఒకరు వచ్చి పట్టుకుంటారు. పటం దింపి, దారాలు బార్‌కు (చేత్తో పట్టుకునే కడ్డీకి) చుట్టి, అప్పుడు ఎంతసేపైనా చూడండి, తినండి, మాట్లాడండి. రెండు నిమిషాల విరామమైనా నాది ఇదే పద్ధతి. చుట్టడం, విప్పడం విసుగే. అయినా చేస్తాను.

ఇంకొకటి గుర్తుంచుకోండి. స్విట్జర్లాండ్ సరస్సుల మీద కైట్‌బోర్డు తక్కిన పడవలన్నిటికీ దారి ఇవ్వాలి. ప్రయాణికుల పడవకు, చేపలు పట్టేవారి పడవకు, తెరచాప పడవకు, చివరికి తెడ్డు వేసుకునే చిన్న పడవకు కూడా. 2016 దాకా ఆ దేశంలో చాలా సరస్సుల మీద ఈ ఆటకు అనుమతే లేదు. అనుమతి వచ్చాక కూడా ఎక్కడైనా ప్రమాదాలు పెరిగితే స్థానిక ప్రభుత్వాలు ఆ చోటు మూయవచ్చు. ఇతరులకు నష్టం జరిగితే చెల్లించే బీమా కూడా మీకు తప్పనిసరి. మీ కాగితాలు సరిగా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి.

ఆ పెద్దాయన కనబడితే, దగ్గరికి వెళ్ళి, ‘బయటికి వెళ్ళేవారికి దారి ఇవ్వాలని నాకు తెలియలేదు, క్షమించండి’ అని చెప్పండి. అంతవరకే మీ బాకీ. అందరి ముందూ అరవడం ఆయన బాకీ. మీరు చెప్పాక కూడా ఆయన మీ రంగు గురించో మీ దేశం గురించో ఒక్క మాట అన్నా, అప్పుడు మీరు తల దించుకోనవసరం లేదు. అదే ఒడ్డు మీద ఈ ఆట నేర్పే బడివాళ్ళను పిలిచి, వాళ్ళ ఎదుటే ఏమన్నారో మళ్ళీ చెప్పమనండి. మీ పక్కన నిలబడేవాళ్ళు ఉంటారు. మీరు పటాలు లేపి ఇచ్చిన ఆ నలుగురూ ఉంటారు.

ఏమైందో నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.

ప్రశ్న: మ్యూనిక్‌లో ఉంటాను. సముద్రం మీద నన్ను చక్కగా లాగే తొమ్మిది చదరపు మీటర్ల పటం, మీరు ఎప్పుడూ రాసే ఆ స్విస్ సరస్సు మీద అంతే గాలిలో నీరసంగా ఉంది. పటం పాడైందా?

జవాబు: పటం బాగానే ఉంది, గాలి పలచన. దాదాపు 1,800 మీటర్ల ఎత్తున గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే ఆరో వంతు తక్కువ. గాలి వేగం అంతే ఉన్నా లాగే బలం ఆ మేరకు తగ్గుతుంది. ఒక సైజు పెద్దది పట్టుకెళ్ళండి. చాలినంత లాగని పటంతో జనం మధ్యకు వెళితే గాలి దిగువకు కొట్టుకుపోతూ అందరి దారికీ అడ్డం పడతారు. మందమైన వెట్‌సూట్ మరవకండి. ఆగస్టులో కూడా ఆ నీళ్ళు కొండ నీళ్ళే.

ప్రశ్న: డల్లాస్‌లో చదువుకుంటున్నాను. నాకు పటంతో గాలిలోకి ఎగరడమంటే ప్రాణం. ఒడ్డున స్నేహితులు ఉంటారు కాబట్టి ఒడ్డుకు దగ్గరలోనే ఎగురుతాను. సరస్సు మీద జనం ఉన్నప్పుడు ఎగరడానికి ఎంత దూరం వదలాలి?

జవాబు: గాలి దిగువన యాభై మీటర్లు, గాలి ఎగువన (గాలి వచ్చే వైపు) ముప్పై మీటర్లు ఖాళీగా ఉండాలి. యాభై మీటర్లంటే ఒలింపిక్ ఈత కొలను పొడవు. అంత చోటు కనబడలేదంటే ఆ ఎగురు ఆపుకోవాలి. ఎగిరాక గాలిలో దారి మార్చుకోలేవు తమ్ముడూ. దిగేచోట ఎవరున్నారో పైనుంచి చూసేసరికి ఆలస్యమైపోతుంది. వెనక వస్తున్నవారికీ నువ్వు ఎగరబోతున్నట్టు తెలియదు, కాబట్టి బార్ లాగే ముందు ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూడు. మలుపు తిరిగే ముందు కూడా అంతే.

ఒడ్డుకు దగ్గరలో ఎగరడం గురించి నా మాట కఠినంగా ఉంటుంది. మానెయ్. ఈ ఆటలో ప్రాణాలు తీసేవి నీళ్ళ కంటే ఎక్కువగా నేల, బండ, కంచె, కారు. స్నేహితులకు బాగా కనబడాలనే కోరిక నాకు అర్థమవుతుంది. వాళ్ళకు ఒక బైనాక్యులర్ కొనిపెట్టు.

మీ ప్రాంతంలో రెండు విషయాలు ప్రత్యేకంగా చూసుకో. అక్కడి సరస్సుల్లో చాలావరకు ఆనకట్ట కట్టి నింపినవే. నీటి మట్టం తగ్గినప్పుడు మునిగిన చెట్ల మొద్దులు పైకి దగ్గరగా వస్తాయి. ఎక్కడున్నాయో చేపలు పట్టేవాళ్ళను అడుగు, వాళ్ళకు ప్రతి మొద్దూ తెలుసు. రెండోది, వసంతంలో వచ్చే ఉరుముల మేఘాలు. మేఘం ఇంకా దూరంలో ఉండగానే దాని ముందు నడిచే ఈదురుగాలి నిన్ను చేరుతుంది. ఆకాశం ఒకవైపు నల్లబడిందంటే పటం దింపెయ్. అందరికీ ఒకేసారి దింపాలనిపించే సమయం అది, ఒడ్డున చోటు దొరకదు. ముందే దిగినవాడు తక్కినవారి పటాలు పట్టి ఇవ్వగలడు.

ప్రశ్న: రామేశ్వరం దగ్గర పాఠాలు నేర్చుకుంటున్నాను. మాది వరంగల్. సంక్రాంతికి మేడ మీద దారం దారానికి తగిలించి అవతలి పటాన్ని కోయడంలో నేను పేరున్నవాణ్ణి. ఇక్కడ రెండు పటాల దారాలు చిక్కుపడితే ఏం చేయాలి?

జవాబు: ఆ నేర్పు మేడ మీదే ఉంచి రండి. ఇక్కడ దారానికి అటు చివర మనిషి కట్టి ఉంటాడు.

ముందు చిక్కు రాకుండా చూసుకునే పద్ధతి. ఇద్దరు ఒకరినొకరు దాటేటప్పుడు గాలి ఎగువన ఉన్నవారు పటం పైకి ఎత్తాలి, దిగువన ఉన్నవారు పటం కిందికి దించాలి. అప్పుడు దారాలు ఒకదానికొకటి తగలవు. ఇద్దరూ ఒకేవైపు వెళుతుంటే, దిగువన ఉన్నవారికి ఎగువన ఉన్నవారు చోటు ఇవ్వాలి. ఎగువవారికి ముందున్న పటాలన్నీ కనబడతాయి, దిగువవారికి వెనక ఉన్నవి కనబడవు.

అయినా చిక్కుపడితే చేతులతో దారం పట్టుకోవద్దు. ఎంత చిన్న చిక్కైనా సరే, వేలికి చుట్టుకుంటే వేలు పోతుంది. అవతలివారితో గట్టిగా మాట్లాడండి, ఇద్దరూ ఒకేసారి బార్ వదలండి. లాగుడు తగ్గకపోతే పటం లాగుడును ఒక్కసారిగా వదిలించే క్విక్ రిలీజ్ తోసెయ్యండి. అప్పటికీ పటం లాగుతుంటే, దాన్ని మీకు కట్టి ఉంచే లీష్ తాడు కూడా విప్పెయ్యండి. పటం పోతే పోనివ్వండి. పాఠం మొదలుపెట్టే ప్రతి రోజూ ఒడ్డున కళ్ళు మూసుకుని ఆ రెండు రిలీజ్‌లు చేత్తో తడిమి చూసుకోండి. చల్లటి నీళ్ళలో, భయంలో, కళ్ళు పనిచేయవు. చెయ్యి వెతుక్కుంటుంది.

ప్రశ్న: నెల్లూరులో డిగ్రీ చదువుతున్నాను. పులికాట్ సరస్సు మాకు దగ్గర. లోతు తక్కువ, గాలి బాగుంటుంది, జనం ఉండరు. ఒక పటం కొనుక్కుని అక్కడ సొంతంగా నేర్చుకోవచ్చా?

జవాబు: వద్దు బాబూ. రెండు కారణాలు. సొంతంగా నేర్చుకోవడం ఈ ఆటలో కుదరదు. మొదటి పది గంటలూ పక్కన నేర్పే మనిషి ఉండాలి.

రెండోది, అక్కడ జనం లేరన్నది నిజం కాదు. పులికాట్ పక్షుల అభయారణ్యం. చలికాలంలో అక్కడికి రాజహంసలు వేల సంఖ్యలో వస్తాయి. మోకాలి లోతు నీళ్ళలో ముక్కు తలకిందులు చేసి బురద వడగట్టుకుని తింటాయి. నువ్వు లోతు తక్కువ అని సంబరపడిన చోటే వాటి అన్నం ఉంది. ఎంత దూరం నుంచి వచ్చిన పక్షికైనా పైన తిరిగే పెద్ద నీడ గద్దలాగే కనిపిస్తుంది. గుంపంతా లేచి ఎగిరిపోతుంది. లేచిన ప్రతిసారీ తిన్నదంతా ఖర్చు. ఆ సరస్సు మీద వలలు వేసుకుని బతికే జాలర్లూ ఉన్నారు, వాళ్ళ వలలకు గుర్తుగా నాటిన కర్రలకు నీ దారాలు చుట్టుకుంటాయి. అవతల శ్రీహరికోట ఉంది, అది కూడా మరచిపోకు.

జనవరిలో సూళ్ళూరుపేట వైపు వెళ్ళి, తెల్లవారుజామున ఒడ్డున కూర్చుని వాటిని చూడు. ఆట నేర్చుకోవాలంటే డబ్బు కూడబెట్టుకుని రామేశ్వరం వెళ్ళు. అక్కడ నడుము లోతు నీళ్ళలో నేర్పుతారు. వెళ్ళే ముందు నాకు మరో ఉత్తరం రాయి. ఏ సైజు పటం అడగాలో చెబుతాను. నీ బరువు ఎంతో కూడా రాయి.